జేబు పుస్తకం: తండ్రి పోయిన ఇంట్లో పది నెలలు

నేను ఇళ్లకు వెళ్లి కౌన్సెలింగ్ చేస్తాను. ఈ కేసు నా దగ్గరికి గుండె దడ పేరుతో వచ్చింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "మేడమ్, మా ఊళ్లో ఒకావిడ నెలలో నాలుగుసార్లు దడ దడ అంటూ వచ్చింది. ఈసీజీ బాగానే ఉంది. భర్త పోయి రెండు నెలలైంది. మీరొకసారి ఇంటికొచ్చి మాట్లాడతారా?" అని అడిగింది.

ఊరు పల్నాడు జిల్లాలో చిలకలూరిపేటకు దగ్గర. పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: "కాగితాల సంగతి సరిగ్గా రాయండి మేడమ్. మాకు తెలియనివి చాలామందికి తెలియవు." అందుకే ఇందులో కౌన్సెలింగ్ ఎంత ఉంటుందో పాస్‌బుక్కులు, ఫారాలు కూడా అంతే ఉంటాయి. నిజానికి ఈ ఇంట్లో ఆ రెండూ వేరు కాలేదు.

ఇల్లు, మనుషులు

ఆయనకు 47 ఏళ్లు. స్పిన్నింగ్ మిల్లులో ఆపరేటర్, 14 ఏళ్ల సర్వీసు. జూలైలో ఒక ఆదివారం నైట్ షిఫ్ట్ ముగించుకుని పొద్దున ఐదున్నరకు ఇంటికొచ్చాడు. టీ తాగి పడుకున్నాడు. కాసేపటికి ఛాతీలో మంటగా ఉందంటే గ్యాస్ అనుకున్నారు, సోడా తాగించారు. చెమటలు పట్టేసరికి ఆటో మాట్లాడారు. పేట ఇంకా రాకముందే దారిలో పోయాడు.

భార్యకు 41. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. కూతురికి 20, బీకాం చివరి ఏడాది. కొడుకుకి 17, ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్. ఆయన తల్లి కూడా అదే ఇంట్లో ఉంటుంది, 68 ఏళ్లు. తమ్ముడు పక్క వీధిలో ఉంటాడు.

నేను వెళ్లిన రోజు కుట్టుమిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. వరండాలో బైకు మీద టార్పాలిన్. రెండు నెలల్లో ఆవిడ ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. పెద్దకర్మ రోజు పెద్దవాళ్లు మూడు నెలలు బయటికి వెళ్లొద్దన్నారట. భర్త గురించి అడిగితే రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. అప్పుల గురించి మాత్రం ఆగకుండా మాట్లాడింది.

"ఎనిమిది లక్షలంట మేడమ్."

"ఎవరు చెప్పారమ్మా?"

"అందరూ అంటున్నారు."

ఎవరికెంత ఇవ్వాలో రాద్దామంటే సగం కూడా రాయలేకపోయింది. ఎనిమిది అన్న అంకె ఎక్కడ పుట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దినాలకు వచ్చిన జనం మాటల్లో అది పుట్టి పెరిగింది. ఆ అంకె తలచుకున్నప్పుడల్లా ఆవిడకు దడ వస్తోంది.

ఆ రోజు కుంగుబాటు ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి చేశాను. 27కి 17 వచ్చింది. 15 దాటితే తేలిగ్గా తీసుకోను. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. "పిల్లలు లేకపోతే ఏమో గానీ" అంది. ప్లాన్ ఏమీ లేదు. అయినా అత్తగారికీ కూతురికీ చెప్పి, రాత్రిళ్లు ఒంటరిగా పడుకోనివ్వొద్దన్నాను. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద క్యాలెండర్ పక్కన రాయించాను. మరుసటి వారం ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టుకు చూపించాం. ఆయన మందులు ఇప్పుడే వద్దు, రెండు వారాలకోసారి చూద్దాం అన్నాడు.

ఒకే చాప మీద

దుఃఖం గురించి పనిచేసేవాళ్లకు తెలిసిన ఒక అవగాహన ఉంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో చెప్పింది. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు రెండు ఒడ్ల మధ్య తిరుగుతుంటారు. ఒక ఒడ్డున పోయిన మనిషి, ఏడుపు, జ్ఞాపకం. రెండో ఒడ్డున కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు, రేపటి కూర. అటూ ఇటూ తిరగగలిగితే మెల్లగా తేరుకుంటారు. ఒక ఒడ్డునే చిక్కుకుపోతే కష్టం. నా అనుభవంలో దీనికి ఇంకొకటి కలపాలి: ఇంట్లో తలా ఒకరు ఒక ఒడ్డున చిక్కుకుని, అవతలి ఒడ్డున ఉన్నవాళ్ల మీద కోపం పెంచుకుంటారు. ఇక్కడ కూతురు ఒక్క కన్నీటిబొట్టు రాల్చకుండా పనులన్నీ చేస్తోంది. "దానికి రాయి గుండె" అని తల్లి నాతోనే అంది. "అమ్మ ఏమీ పట్టించుకోదు" అని కూతురు అంది.

అందుకని ప్రతి విజిట్‌నూ రెండు భాగాలు చేశాను. మొదటి అరగంట కాగితాలు, రెండో అరగంట ఆయన. చాప ఒకటే, మనుషులందరూ ఉండాలి. కాగితాలు ముందు పెట్టడానికి కారణం ఉంది. ఏడవమంటే మన ఇళ్లలో ఎవరూ ఏడవరు. ఆయన సంతకం ఉన్న కాగితం తీస్తే మాట దానంతట అదే వస్తుంది.

రెండో విజిట్‌లో జరిగింది ఇదే. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెమ్మంటే ఒక చీరల కవరు నిండా తెచ్చారు. అందులో బ్యాంకు పాస్‌బుక్ ఉంది. 2022 నుంచి ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయినట్టు మూడు చోట్ల ఉంది. "అవి బ్యాంకు చార్జీలు. నాన్న ప్రతిసారీ తిట్టుకునేవాడు" అంది కూతురు. అది చార్జీ కాదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 50 ఏళ్లలోపు చేరొచ్చు, 55 వరకు ఉంటుంది, ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. మే నెలాఖర్లో ఆ డబ్బు కట్ అయింది, ఆయన జూలైలో పోయాడు. పాలసీ నడుస్తోంది.

ఆ వరస మీద వేలు పెట్టి ఆవిడ చాలాసేపు చూసింది. "నాకు చెప్పలేదు" అంది. తర్వాత, "ఆయనకైనా తెలుసో లేదో" అంది. ఆ తర్వాత ఏడ్చింది. భర్త పోయాక నా ముందు ఏడవడం అదే మొదటిసారి.

గడప దాటడం

క్లెయిమ్ కోసం ఆవిడే బ్యాంకుకు వెళ్లాలి. మరిది వచ్చి, "వదిన ఇప్పుడు బయటికి రాకూడదు. సంతకాలు పెట్టించుకుని నేను చూసుకుంటా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మరణ ధ్రువీకరణ పత్రం 21 రోజుల లోపల పంచాయతీలో నమోదు చేయించి, ఎనిమిది కాపీలు తెచ్చి పెట్టింది కూడా ఆయనే. నేను ఆచారాన్ని కాదనలేదు. ఆ గదిలో నా మాటకు అంత బరువు లేదని నాకు తెలుసు.

గోడకు ఆనుకుని కూర్చున్న నాయనమ్మ అప్పటిదాకా నోరు విప్పలేదు.

"నా మొగుడు పోయినప్పుడు నన్ను మూణ్ణెల్లు మూల కూర్చోబెట్టార్రా. ఎవరేం తెస్తే దానిమీద వేలిముద్ర ఏశా. నేను లేచేసరికి ఎకరం పోయింది. మీ అన్నకప్పుడు తొమ్మిదేళ్లు, నువ్వు చంటోడివి. పద అమ్మాయ్, నేను తోడొస్తా."

మర్నాడు అత్తాకోడళ్లు ఇద్దరూ ఆటోలో బ్యాంకుకెళ్లారు. ఆ కేసులో అతి పెద్ద మలుపు అదే. అందులో నా ప్రమేయం దాదాపు లేదు. ఎదురుగా పెద్దావిడ ఉన్నా, ఆవిడ కూడా భర్త పోయిన మనిషేనని, ఇప్పుడు కొడుకు కూడా పోయాడని నేను ఆలోచించలేదు. కోడలి మీదే దృష్టి పెట్టాను. ఆ రోజు నుంచి ప్రతి విజిట్‌లో మొదటి పలకరింపు నాయనమ్మకే. నెల మొదటి రోజు ఆవిడకొచ్చే 4 వేల పింఛనే ఆ నాలుగు నెలలూ ఆ ఇంటికి ఖాయంగా వచ్చిన డబ్బు. దాని గురించి ఆవిడ ఒక్కసారి కూడా చెప్పుకోలేదు.

నేను తప్పు చదివిన మనిషి

ఇప్పుడు అబ్బాయి సంగతి. తండ్రి పోయిన పదిహేనో రోజు నుంచి కాలేజీ మానేశాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే పనికి వెళ్తున్నాడు. రోజుకు 600 తెచ్చి అమ్మ చేతిలో పెడుతున్నాడు. "ఇంక ఇంటికి మగదిక్కు నువ్వే" అని బంధువులందరూ అన్నారు. నేనా మాట అనలేదు గానీ నా నోట్స్‌లో "బాధ్యతగా ఉన్నాడు, చదువు విషయం డబ్బు సర్దుబాటయ్యాక చూడాలి" అని రాసుకున్నాను. మూడు విజిట్లు ఫీజు లెక్కలే మాట్లాడాను. హాస్టల్ మానేసి ఇంటి నుంచి వెళ్తే ఎంత తగ్గుతుంది, వాయిదాల్లో కట్టొచ్చా అని కాలేజీతో కూడా మాట్లాడాను. సగానికి తగ్గిస్తామన్నారు. ఆ మాట చెబితే వాడి ముఖంలో ఏ మార్పూ లేదు. "నేను చదవను" అన్నాడు.

అప్పుడైనా నేను ఆగాల్సింది. డబ్బే కారణమైతే డబ్బు దారి దొరికినప్పుడు మనిషి కాస్తయినా కదులుతాడు.

నాలుగో విజిట్‌లో అప్పుల పట్టీ రాస్తున్నాం. వెనక వీధిలో ఒకాయన లక్ష ఇవ్వాలంటున్నాడని మరిది చెప్పాడు. కాగితం లేదు, చేబదులు. "అన్న అన్నీ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. అది దొరకట్లేదు" అన్నాడు. అందరూ ఇల్లంతా వెతికామన్నారు. అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. బైకు పక్కన నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. చాలాసేపటికి టార్పాలిన్ ఎత్తి, సైడ్ బాక్స్ తెరిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పుస్తకం తీశాడు.

చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం. అట్ట చెమటకు నల్లబడింది. ఎడమ వైపు పేజీలో ఖర్చు, కుడి వైపు జమ. వాడు తీసి చూపించింది జూన్ పేజీ. "బాబు ఫీజు 70,000 – 2 రూ. వడ్డీ." దాని కింద "ఓటీ 9", అంటే ఆ నెల తొమ్మిదిసార్లు ఓవర్‌టైమ్.

"మే నెలలో ఓటీ మూడే మేడమ్. నా ఫీజు అప్పు తెచ్చాక తొమ్మిది చేశాడు. జూలైలో పోయేలోపు ఇంకో అయిదు. నిద్ర లేదు. నా వల్లే పోయాడు."

ఎవరి కంటా పడకుండా ఆ పుస్తకం దాచి, రెండున్నర నెలలు టిక్కీలు మోశాడు. మనందరం దాన్ని బాధ్యత అన్నాం.

"నీ తప్పేమీ లేదురా" అనడం చాలా తేలిక. ఆ మాట వాడి లెక్క ముందు నిలబడదు. వాడి దగ్గర అంకెలున్నాయి. అందుకే అంకెలతోనే మాట్లాడాలనిపించింది. పుస్తకం మొత్తం చదివావా అని అడిగాను. లేదు, ఆ పేజీ దగ్గరే ఆగిపోయాడు. మిగతాది ఇంట్లో అందరి ముందు చదువుదామా అంటే చాలాసేపు ఆలోచించి, "బాబాయ్ ఉంటే వద్దు" అన్నాడు. తర్వాత వాడే, "సరే, ఉండనివ్వండి" అన్నాడు.

అయిదో విజిట్ మొత్తం ఆ పుస్తకం చదవడమే. మూడేళ్ల లెక్కలున్నాయి. స్లాబు పోసిన నెల ఓటీ 10. భార్యకు ఆపరేషన్ అయిన నెల 8. కూతురు డిగ్రీలో చేరిన నెల 9. ఏ అవసరమూ లేని ఒక నెలలో 7, దాని పక్కన "కూలర్" అని ఉంది. ఈ ఇంట్లో ప్రతి మనిషి పేరు మీదా ఆయన రాత్రుళ్లు పనిచేశాడు. అబ్బాయి గట్టిగా చదువుతుంటే కూతురు మధ్యలో లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. రాయి గుండె అన్న అమ్మే వెళ్లి తలుపు కొట్టింది. తల్లీకూతుళ్లు బయటికి రావడానికి అరగంట పట్టింది. మేమెవరం పిలవలేదు.

2024 ఏప్రిల్ పేజీలో కుడి వైపు, జమ కింద, ఒక వరస ఉంది: "బాబు 441 / 470". ఇంటర్ ఫస్టియర్ మార్కులు. కింద రెండు గీతలు. ఆ నెల జమ వైపు జీతం, ఓటీ డబ్బు కాక ఇంకేమీ లేవు.

అబ్బాయి ఆ వరస చదవలేక పుస్తకం నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడకు చదువు రాదు. అయినా పట్టుకుని కూర్చుంది.

ఎవరి నేరం వాళ్లది

ఆ రోజే మరిది నోరు విప్పాడు. గ్యాస్ అన్నదీ, సోడా తెచ్చిందీ తనే. ఇన్నాళ్లూ ఎవరూ ఆ మాట ఎత్తకపోవడంతో, మనసులో తననే అనుకుంటున్నారని నమ్మాడు. పెద్దకర్మ అంత ఘనంగా ఎందుకు చేయించాడో నాకప్పుడు అర్థమైంది. మూడు వందల మందికి భోజనం, 80 వేల ఖర్చు. ఆవిడ అన్న 30 వేలు ఇచ్చాడు, మిగతా 50 వేలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చారు. అంతకుముందు నేను లోలోపల మరిదిని తప్పుపట్టాను. అన్నకు చేయలేనిది ఏదో దినాల్లో చేయాలని ఆ మనిషి తాపత్రయపడ్డాడు.

భార్యదీ ఇంకొకటి: వచ్చీరాగానే టీ ఇచ్చి పడుకోమంది తనే. పొద్దున ఐదున్నరకు మెలకువ వచ్చి, తెలియకుండానే టీకి రెండు గ్లాసుల నీళ్లు పెడుతోందట, ఇప్పటికీ.

తలా ఒక నేరం మోస్తున్నారు, ఎవరిది వాళ్లే. నేను డాక్టర్ని కాదు కాబట్టి దీని మీద తీర్పు చెప్పలేదు. పీహెచ్‌సీ డాక్టరుని అడిగితే ఓ సాయంత్రం ఇరవై నిమిషాలు వచ్చి కూర్చున్నాడు. దాచకుండా చెప్పాడు. పోయినాయనకు బీపీ ఉండేది, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) డిస్పెన్సరీలో రాసిన మాత్రలు మానేశాడు. ఛాతీ మంటను గ్యాస్ అనుకోవడం చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటే. వెంటనే తీసుకెళ్తే బతికేవాడా అంటే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. తర్వాత మరిదికి, అబ్బాయికి, అందరికీ బీపీ చూశాడు. మరిదికి 160 ఉంది. ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు.

లెక్క తేలడం

పుస్తకం బయటపడ్డాక ఎనిమిది లక్షల భయం లెక్కలోకి దిగింది. వెనక వీధి ఆయనకు ఇవ్వాల్సింది లక్ష కాదు. మూడు విడతల్లో 70 వేలు ఇచ్చినట్టు తేదీలతో సహా ఉంది. పుస్తకం చూపిస్తే ఆయనా ఒప్పుకున్నాడు, మిగిలింది 30 వేలు. స్లాబు కోసం నోటు రాసి తెచ్చింది లక్షన్నర, ఫీజు 70 వేలు, కర్మ బాకీ 50 వేలు, నానుతాడు తాకట్టు మీద 85 వేలు, డ్వాక్రా బాకీ 60 వేలు, పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సింది 11 నెలలు, నెలకు 5 వేల చొప్పున 55 వేలు. మొత్తం సరిగ్గా 5 లక్షలు. తక్కువేం కాదు. కానీ "అందరూ అంటున్నారు" అన్నదానికీ, కాగితం మీద ఆరేడు వరసలకీ చాలా తేడా ఉంది. ఆ రాత్రి ఆవిడ అయిదు గంటలు నిద్రపోయింది.

రావాల్సినవీ అలాగే రాశాం. మిల్లులో పీఎఫ్ కట్ అయ్యేదని అందరికీ తెలుసు. దానితోపాటు ఈడీఎల్ఐ అనే బీమా ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. సర్వీసులో ఉండగా పోతే కుటుంబానికి కనీసం రెండున్నర లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు వస్తుంది. చివరి 12 నెలల సగటు జీతానికి 35 రెట్లు (జీతం 15 వేల వరకే లెక్కలోకి తీసుకుంటారు), దానికి పీఎఫ్ ఖాతా సగటు నిల్వలో సగం కలుపుతారు. ఆ కలిపేది లక్షా 75 వేలు దాటదు. ఆయన బేసిక్, డీఏ కలిపి 11,800. 35 రెట్లు అంటే 4,13,000. సగటు నిల్వ 1,40,000లో సగం 70 వేలు. మొత్తం 4,83,000. పీఎఫ్ సొమ్ముకు ఫారం 20, పెన్షన్‌కు 10డి, బీమాకు 5ఐఎఫ్, మూడూ కలిపి పెట్టాలి. భార్యకు నెలనెలా పెన్షన్ వస్తుంది. పిల్లలకు అందులో నాలుగో వంతు చొప్పున, ఒకేసారి ఇద్దరికి, 25 ఏళ్లు నిండేదాకా విడిగా వస్తుంది. అంత్యక్రియల ఖర్చుకు ఈఎస్ఐ నుంచి 15 వేలు.

ఇదంతా రాసినంత తేలిగ్గా జరగలేదు. పీఎఫ్ రికార్డులో భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఆ ఒక్క ఇంటిపేరు తేడా సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. మిల్లు టైమ్ ఆఫీసులో పనిచేసే ఒకాయన మూడుసార్లు ఇంటికొచ్చి సంతకాలు తీసుకెళ్లాడు. ఇది చదువుతున్నవాళ్లు ఈ వారమే ఇంట్లో అందరి ఆధార్, పాస్‌బుక్, పీఎఫ్ పేర్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. తండ్రి ఫోన్ నంబరు కూడా కూతురు రీచార్జి చేయిస్తూ బతికించి ఉంచింది. ఓటీపీల కోసం అని చెప్పింది. పనులన్నీ అయిపోయాక కూడా చేయిస్తూనే ఉంది. ఎందుకని నేను అడగలేదు.

డబ్బు వచ్చిన రోజు

జీవన్ జ్యోతి 2 లక్షలు నవంబరులో వచ్చాయి. జనవరిలో ఒక మధ్యాహ్నం ఈడీఎల్ఐ డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చింది. పీఎఫ్ 1,52,000 రెండు రోజుల ముందే పడింది. ఈఎస్ఐ 15 వేలతో సహా మొత్తం కలిపి 8 లక్షల 50 వేలు. నేను సంతోషంగా వెళ్లాను. ఆవిడ మంచం మీద ఉంది. మళ్లీ దడ, తిండి లేదు. పీహెచ్‌క్యూ-9 డిసెంబరులో 9కి దిగింది, ఆ రోజు 15.

"ఆయన్ని అమ్ముకున్నట్టుంది మేడమ్."

ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. బీమా డబ్బు వచ్చాక బాధ తగ్గుతుందని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారు. ఆ డబ్బు వచ్చిన రోజే మనిషి పోయాడన్నది చివరిసారిగా ఖాయమవుతుంది. "లక్షలొచ్చాయంటగా" అన్న మాట పక్కింటి నుంచి వినబడితే ఇంకా కుంగిపోతారు. ఈ సంగతి ముందే చెప్పి సిద్ధం చేయాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు ప్రతి కేసులోనూ డబ్బు వచ్చే వారం నేనే వెళ్తాను.

మూడు వారాలు ఆ డబ్బు ఎవరూ ముట్టుకోలేదు. నేనూ తొందరపెట్టలేదు. ఈడీఎల్ఐ బీమాకు ప్రీమియం ఎవరు కట్టారో మాత్రం చెప్పాను. పని చేసిన ప్రతి నెలా జీతంలో అర శాతం లెక్కన కంపెనీ కట్టాలి. అంటే ఆయన వెళ్లిన ప్రతి షిఫ్టుకూ కొంత పక్కన పడుతూ వచ్చింది. కూతురు జేబు పుస్తకం తెచ్చి, జమ వైపు ఖాళీ పేజీలో ఆ మూడు మొత్తాలూ తేదీలతో రాసింది. తండ్రి రాసుకున్న తీరులోనే. తర్వాత మెల్లగా మాటలు మొదలయ్యాయి.

అప్పుల విషయంలో చట్టం చెప్పాను. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు ఆయన వదిలిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత సంపాదన నుంచి కట్టక్కర్లేదు. పీఎఫ్ చట్టం ప్రకారం నామినీకి వచ్చే పీఎఫ్ సొమ్మును ఆయన అప్పులోళ్లు అడగలేరు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది కాబట్టి అందులో భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి సమాన వాటా. తల్లికి కూడా ఉంటుందన్నది విని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. నాయనమ్మ, "నా వాటా నా మనవరాలికే" అని అక్కడికక్కడే అంది. ఇప్పుడే ఏమీ రాసివ్వొద్దని ఆపాను.

అంతా విన్నాక ఆవిడ, "ఆయన మొహం చూసి ఇచ్చారు. కట్టేద్దాం" అంది. ఆ నిర్ణయం ఆవిడది. ఏది ముందు కట్టాలన్నదే నేను చెప్పాను. నోట్లు, చేబదుళ్లు, కర్మ బాకీ కలిపి 3 లక్షలు. వీటికి వడ్డీ ఎక్కువ కాబట్టి అవి ముందు తీర్చి, నోటు వెనక్కి తీసుకుని చించేశారు. 85 వేలు కట్టి నానుతాడు విడిపించారు. డ్వాక్రా వడ్డీ తక్కువ, చీటీకి నెలవారీ కట్టు ఉంది, ఆ రెండూ అలాగే నడుస్తాయి. మిగిలిన 4,65,000లో 4 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేశారు. 7.4 శాతం చొప్పున నెలకు 2,466 రూపాయలు వస్తాయి. 65 వేలు చేతికందేలా ఉంచారు. ఎక్కువ వడ్డీ ఇస్తామంటూ ఇద్దరు ముగ్గురు బంధువులు వచ్చారు. "మా మేడమ్ వద్దన్నారు" అని నా పేరు చెప్పుకోమన్నాను. కాదనలేని చోట నెపం వేయడానికి బయటి మనిషి పనికొస్తుంది.

ఇప్పుడు

2025 మే నాటికి 11 విజిట్లు. ఆవిడ పీహెచ్‌క్యూ-9 ఇప్పుడు 6. మిషన్ మీద దుప్పటి తీసింది. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు వారాలు రాత్రి పదకొండు దాకా కుట్టింది, నేనే తగ్గించమన్నాను. బంధువుల శుభకార్యాలకు ఇంకా వెళ్లడం లేదు, పిలవడం లేదు కూడా. ఇది ఆవిడను బాధపెడుతోంది. దీనికి నా దగ్గర మందు లేదు. ఆర్నెల్లు దాటినా దుఃఖం తీవ్రంగా, రోజువారీ బతుకును ఆపేసేంతగా ఉంటే దాన్ని ఒక రుగ్మతగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ చెబుతోంది. ఆవిడ విషయంలో ఆ అవసరం రాలేదు. ఐదున్నరకు మెలకువ వస్తూనే ఉంది. ఇప్పుడు ఆ టీ రెండో గ్లాసు అత్తగారు తాగుతోంది.

అబ్బాయి నవంబరు నుంచి కాలేజీకి వెళ్లాడు, ఇంటి నుంచే, తండ్రి బైకు మీద కాకుండా బస్సులో. 18 నిండి లైసెన్సు వచ్చాకే బైకు అని అమ్మ షరతు. మార్చిలో పరీక్షలు రాసి పాసయ్యాడు. మార్కులు ఫస్టియర్ కంటే బాగా తగ్గాయి. ఆ మార్కులు పుస్తకంలో రాయాలా వద్దా అని నన్ను అడిగాడు. నేను చెప్పలేదు. వాడే రాశాడు, జమ వైపే, కింద గీతలు లేకుండా.

కేసు ఇంకా మూయలేదు. జూలైలో సంవత్సరీకం వస్తోంది. ఎంత ఖర్చు పెట్టాలో తల్లీపిల్లలు, నాయనమ్మ కూర్చుని ముందే రాసుకున్నారు: దగ్గరివాళ్లు నలభై మంది, 12 వేలు. మరిదికి ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం చెబుతారు. ఆ రోజు నన్నూ రమ్మన్నారు.